పాలు లేవని తెలిసీ

మన సామెతల్లో పిల్లికి చాలా పనులున్నాయి. కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది, ఉట్టికేసి చూసి శాపాలు పెడుతుంది, పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది, కాలు కాలితే ఇల్లంతా కలియదిరుగుతుంది. ఇవన్నీ మనిషి వంటింటి గుమ్మంలో నిలబడి చూసిన పనులే. మన పాలజోలికి రాకుండా, మనల్ని పట్టించుకోకుండా, పిల్లి తనకోసం తాను ఏం చేసుకుంటుందో సామెతలకి తెలియదు. మంచంమీద మనిషి పక్కన పడుకునే పిల్లి మనకి కొత్త కదా. అందుకే దాని అలవాట్లకి ఇంకా సరైన పేర్లు కూడా కుదరలేదు.

మా పిల్లి బొంత చీకుతుంది. ఇంతకన్నా సూటిగా చెప్పడం నాకు రాదు. ఇంగ్లిష్‌లో దీన్ని 'ఊల్ సకింగ్' అంటారు, ఉన్ని చీకడం. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్ని ఎక్కడిది, నూలుతో సరిపెట్టుకుంది.

దాని పేరు చింత. చింతపిక్క రంగులో ఉందని మా ఆవిడ 'చింతపిక్క' అని పెట్టింది, వారానికల్లా పిక్క రాలిపోయింది. రాత్రి పదిన్నరకి లైట్లు తీసేశాక మంచమెక్కి, బొంత మీద అటూ ఇటూ నాలుగడుగులు వేసి, ఎప్పుడూ ఒక్క చోటికే వెళ్తుంది. కాళ్ళవైపు మూడో వరసలో ఉన్న కుంకుమరంగు నేతచీర ముక్క అది. ముందు ముక్కుతో దాన్ని రెండుసార్లు పొడుస్తుంది. తర్వాత ముందుకాళ్ళతో, ఒకదాని తర్వాత ఒకటి, వేళ్ళు విప్పుతూ ముడుస్తూ, చపాతీ పిండి పిసికినట్టు నొక్కుతుంది. అప్పుడు గుడ్డని నోట్లోకి తీసుకుని, చెవులు కొంచెం వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి చీకుతుంది. దాని గుర్రుగుర్రు పరుపులోంచి నా కాళ్ళకి తెలుస్తుంది. పది పదిహేను నిమిషాలయ్యాక చప్పుడు తగ్గి, నోట్లో గుడ్డ ఉండగానే నిద్రపోతుంది. పొద్దున చూస్తే అక్కడ రూపాయి బిళ్ళంత తడి.

చింతకి ఇప్పుడు మూడేళ్ళు. మనుషుల లెక్కలో ఇంచుమించు నా ఈడుది. బల్లుల్ని పడుతుంది, పావురాల్ని చూసి పళ్ళు టకటకలాడిస్తుంది, కొత్తవాళ్ళొస్తే బీరువా ఎక్కి కూచుంటుంది. అన్నివిధాలా పెద్దది. రాత్రిపూట ఆ పదిహేను నిమిషాలు తప్ప.

* * *

ఒక వానాకాలం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, జనరేటర్ వెనక అరుస్తూ దొరికింది. తల్లి ఒకదాన్ని నోట కరుచుకుని వెళ్ళి రెండోదానికోసం వచ్చేలోపు ఏమైందో తెలియదు. ఒక పూటంతా దూరం నుంచి కనిపెట్టి చూశాం. తల్లి రాలేదు. వెట్ డాక్టరమ్మ నోరు తెరిచి చూసి, ముందుపళ్ళు వచ్చాయి, దవడపళ్ళు ఇంకా రాలేదు, నాలుగు వారాలుంటాయి అంది.

నాలుగు వారాలంటే పిల్లిపిల్ల అప్పుడప్పుడే గట్టి తిండి వాసన చూసే వయసు. తల్లి దగ్గర ఉంటే ఇంకా నెలరోజులు, కొన్నైతే రెండు మూడు నెలలు కూడా, ఆకలికి కాకపోయినా చీకుతూనే ఉంటాయి. దూడ పొదుగు కుమ్మితే ఆవు చేపుతుంది. పిల్లిపిల్ల కాళ్ళతో రొమ్ము నొక్కడం కూడా అలాంటిదే. నొక్కడం, చీకడం, గుర్రుమనడం, నిద్రపోవడం ఈ నాలుగూ దానికి ఒకే పని. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు మొదటి కొద్దిరోజుల్లోనే ఎవరి రొమ్ము వాళ్ళు ఎంచుకుని, దాన్నే వెతుక్కుంటూ వెళ్తాయట. ఇది చదివినప్పుడు నాకు బొంత మీద కుంకుమరంగు ముక్క గుర్తొచ్చింది. రెండిటికీ సంబంధం ఉందని నేను రుజువు చెయ్యలేను. గుర్తొచ్చిందంతే.

ఫిన్లండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్ళు దాదాపు 6,000 పిల్లుల యజమానుల్ని అడిగి 2017లో ఒక పరిశోధన అచ్చువేశారు. 8 వారాలు నిండకుండా తల్లినుంచి విడిపోయిన పిల్లుల్లో కరిచే, రక్కే స్వభావం ఎక్కువగా కనిపించింది. 14 వారాలు దాటాక విడిపోయినవాటిలో ఇలాంటి తిప్పలు తక్కువ. సయామీ, బర్మన్ జాతుల్లో ఉన్ని చీకడం మరీ ఎక్కువ కాబట్టి రక్తంలో వచ్చేది కూడా కొంత ఉంది. చింతది సెల్లార్ జాతి. తాత ముత్తాతలు ఎవరో తెలియదు, నాలుగు వారాలన్నది మాత్రం తెలుసు.

శ్రీవైష్ణవుల దగ్గర రెండు న్యాయాలున్నాయి. మర్కట కిశోర న్యాయంలో కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి. మార్జాల కిశోర న్యాయంలో పిల్లిపిల్ల ఏమీ చెయ్యక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. భక్తుడు ఎలా ఉండాలన్న వాదన అది. చింత విషయంలో మాత్రం ఆ న్యాయం సెల్లార్లోనే ఆగిపోయింది. కరుచుకుని వెళ్ళే నోరు లేకపోయేసరికి, అది కోతిపిల్లలాగా తనే ఏదో ఒకటి పట్టుకోవడం నేర్చుకుంది.

* * *

నాన్న సంవత్సరీకం అయ్యాక అమ్మ చీరాల నుంచి మా దగ్గరికి నాలుగు నెలలుండటానికి వచ్చింది. వచ్చిన రెండోరోజు రాత్రి ఈ వ్యవహారం చూసింది.

"ఒరే, అది మా అమ్మ చీరరా" అంది.

ఆ బొంత అమ్మమ్మ కుట్టింది. పాత నేతచీరలు పొరలు పొరలుగా వేసి, నేలమీద పరిచి, మూలల్లో ఇటుకలు పెట్టుకుని కుట్టేది. నేను ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు అమ్మ దాన్ని నా పెట్టెలో పెట్టింది. అప్పటినుంచి నాతోనే ఊళ్ళు తిరుగుతోంది. కుంకుమరంగు ముక్క అమ్మమ్మ రోజూ కట్టుకున్న చీరలోదని నాకు ఆ రాత్రిదాకా తెలియదు. అమ్మకి బొంతలో ప్రతి ముక్కా ఏ చీరో తెలుసు.

"పాలు పొయ్యట్లేదా దానికి?" అని అడిగింది. పెద్ద పిల్లులకి చాలావాటికి పాలు అరగవమ్మా, విరేచనాలవుతాయని చెప్పాను. నమ్మలేదు. మర్నాడు సాయంత్రం స్టీలుగిన్నెలో కాసిని పాలు పోసి, చల్లార్చి, మంచం పక్కన పెట్టింది. చింత వచ్చి వాసన చూసింది. నాలుకతో ఒకసారి తాకింది. తర్వాత గిన్నెని చుట్టి వెళ్ళి, మంచమెక్కి, కుంకుమరంగు ముక్క దగ్గర పడుకుంది.

హారీ హార్లో అనే అమెరికన్ 1958లో అచ్చువేసిన ప్రయోగం సైకాలజీ పుస్తకాలన్నిటిలో ఉంటుంది. తల్లినుంచి విడదీసిన కోతిపిల్లలకి రెండు బొమ్మతల్లుల్ని ఇచ్చాడు. ఒకటి తీగలది, దానికి పాలసీసా. ఇంకొకటి మెత్తటి గుడ్డ చుట్టినది, దాని దగ్గర పాల్లేవు. పిల్లలు తాగేంతసేపు తీగల తల్లి దగ్గర ఉండి, మిగతా రోజంతా గుడ్డతల్లిని కరుచుకుని ఉన్నాయి. చాలా క్రూరమైన ప్రయోగం, ఇప్పుడు ఎవరూ చెయ్యనివ్వరు. మా అమ్మ ఒక స్టీలుగిన్నెతో, ఎవరినీ ఏడిపించకుండా, ఆ సంగతే కనుక్కుంది.

అయినా మాన్పించాలనే అంది. వేలు చీకే పిల్లలకి మా వైపు వేపాకు ముద్ద పూస్తారు. బొంతకి కాస్త వేపనూనె రాయమంది. డాక్టరమ్మని అడిగితే, పిల్లి నోటికి తగిలేచోట ఏ నూనెలూ వద్దంది. మనకి పనిచేసే చాలా నూనెల్ని, మందుల్ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదట. తిట్టడం, నీళ్ళు చిమ్మడం కూడా వద్దంది. బెదురు తగ్గించుకోడానికి చేసే పనిని బెదిరించి మాన్పిస్తే, బెదురు పెరిగి ఆ పనీ పెరుగుతుంది. లేదంటే ఇంకో పని దొరుకుతుంది. కొన్ని పిల్లులు ఒళ్ళు నాకి నాకి పొట్టమీద జుట్టంతా ఊడగొట్టుకుంటాయి.

అక్కడ ఇంకో మెలిక ఉంది. జుట్టు ఊడేలా నాక్కుంటున్న పిల్లిని చూడగానే 'మనసు బాగోలేదు' అనేస్తాం. 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో, మానసికమని అనుమానించిన 21 పిల్లుల్ని పూర్తిగా పరీక్షచేస్తే, 16 పిల్లులకి దురదపెట్టే జబ్బులే కారణమని తేలింది. కేవలం మానసికం అన్నవి 2. మిగతా 3 పిల్లులకి రెండూ ఉన్నాయి. కాబట్టి వింత అలవాటు కనపడితే ముందు ఒళ్ళు, తర్వాత మనసు. గుర్రుమంటోంది కదా హాయిగానే ఉందనుకోడానికీ లేదు. జబ్బుచేసిన పిల్లి, నొప్పితో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది.

* * *

ఒక ఆదివారం బొంత దులుపుతుంటే ఆ కుంకుమరంగు ముక్క అంచు పీచుపీచుగా లేచి ఉంది. కుట్టుదారం జానెడు పొడుగున లేదు. పరుపు కింద వెతికాం, మంచం కింద వెతికాం. దొరకలేదు.

డాక్టరమ్మ ఫోన్‌లోనే వెంటనే తీసుకురమ్మంది. పిల్లి నాలుక మీద వెనక్కి తిరిగిన ముళ్ళుంటాయి, దారంలాంటిది నోట్లో పడితే బయటికి ఉమ్మడం కష్టం, లోపలికే పోతుంది. ఒక కొస నాలుక కిందో, కడుపు చివరో చిక్కుకుని, మిగతాది పేగులోకి సాగితే, పేగు దాన్ని ముందుకు నెట్టబోయి తానే దానిమీదికి ఎక్కుతుంది. పావడా బొందు లాగితే గుడ్డ కుచ్చులు పడుతుందే, అలా పేగు కుచ్చులు పడుతుంది. దారం పేగుని కోసెయ్యగలదు. నోటినుంచి గాని వెనకనుంచి గాని దారం కొస కనపడితే ఎట్టిపరిస్థితిలోనూ లాగొద్దని ఆమె ఇంకో రెండుసార్లు చెప్పింది. వాంతులు, తిండి మానెయ్యడం, మూల దూరి కూచోవడం కనపడితే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికే.

నాలుక కింద ఏమీ లేదు. దారం ఎక్స్‌రేలో కనపడదు, కుచ్చులు పడ్డ పేగు కనపడుతుంది. పడలేదు. రెండురోజులు కనిపెట్టుకుని ఉండమంది. ఆ రెండు రాత్రులూ అమ్మే మేలుకుని ఉంది. నాకు స్టాండప్ కాల్స్ ఉన్నాయని నన్ను పడుకోమంది. మూడోరోజు పొద్దున ఇసక తొట్టిలో దారం కనపడింది. అమ్మ నన్ను పిలిచి చూపించి, ఏమీ అనకుండా వెళ్ళి కాఫీ పెట్టింది.

బొంత తీసి బీరువాలో పెట్టాం.

* * *

బొంత లేని మొదటి రాత్రి చింత మంచమంతా తిరిగింది. దుప్పటిని పొడిచి చూసింది, దిండు గలీబుని చూసింది. కాలుగాలిన పిల్లి అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నాలుగోరోజుకి నా టీషర్టు మెడపట్టీ నమలడం మొదలుపెట్టింది.

మా వృత్తిలో 'వర్కరౌండ్' అనే మాట రోజుకి పదిసార్లు వాడతాం. అసలు లోపాన్ని సరిచెయ్యలేనప్పుడు, పని ఆగకుండా పక్కనుంచి వేసుకునే దారి. పాత సిస్టమ్స్‌లో చూడ్డానికి అసహ్యంగా ఉన్న కోడ్ కనపడితే కొత్తగా చేరిన కుర్రాడు తీసేస్తానంటాడు. అది ఎందుకు రాశారో తెలిసేదాకా ముట్టుకోవద్దంటారు సీనియర్లు. అందుకని నాకు తెలిసిన పని చేశాను. డాక్టరమ్మతో మాట్లాడి, దారం పోగుల్లేని మెత్తటి ఫ్లీస్ ముక్క ఒకటి ఇచ్చి, 6 వారాలు లాగ్ రాశాను. ఎన్నింటికి, ఎంతసేపు, గుర్రుమందా లేదా, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది.

రెండు రకాలు తేలాయి. ఒకటి రాత్రిది. తిని, ఆడి, ఒళ్ళు అలిసి, పదిహేను నిమిషాలు చీకి పడుకోవడం. ఇందులో పళ్ళు వాడదు. రెండోది పగటిది. మంచం కింద, గుర్రు లేకుండా, ముప్పై నలభై నిమిషాలు, దవడ పళ్ళతో నములుతూ. పై ఫ్లాట్‌లో టైల్స్ కోసిన రోజుల్లో, మేం పెళ్ళికి ఊరెళ్ళొచ్చిన మర్నాడు, రిలీజ్ ఉండి నేను రాత్రి తిండి ఆలస్యంగా పెట్టిన రోజుల్లో. దారాలు మింగే ప్రమాదమంతా ఈ రెండోదానితోనే.

కాబట్టి రెండోదాని పని పట్టాం. తిండి వేళలు గడియారం ప్రకారం. బీరువా మీద ఒక అట్టపెట్టె, అది అందులో ఉంటే ఎవరూ కదిలించకూడదు. రాత్రి పదింటికి కర్రకి కట్టిన ఈకతో పావుగంట పరుగు, చివర ఈక దానికి దొరకనిచ్చి, వెంటనే తిండి. వేట, తిండి, నాక్కోవడం, నిద్ర అన్నది పిల్లి రోజుకున్న క్రమం. దాన్ని మన రోజులోకి తేవడమే ఇదంతా. ఆట అయ్యాక ఈకా దారమూ డ్రాయర్లోకి. ఇంతచేసినా తగ్గని పిల్లులకి డాక్టర్లు మందులు కూడా ఇస్తారు, చింతకి అంతదాకా రాలేదు. నెలన్నరకి పగటిపూట నమలడం వారానికోసారికి తగ్గింది.

రాత్రిది తగ్గలేదు. ఫ్లీస్‌ని ముక్కుతో పొడిచి వదిలేసేది.

* * *

డొనాల్డ్ విన్నికాట్ అనే ఇంగ్లిష్ పిల్లల డాక్టరు, మానసిక విశ్లేషకుడు, 1951లో ఒక ప్రసంగం చేశాడు. పసిపిల్లలు ఒక దుప్పటి కొసనో, గుడ్డబొమ్మనో ఎంచుకుని దాన్ని వదలకపోవడం గురించి. ఆ వస్తువుని ఆయన లోపలికీ బయటికీ మధ్యలో పెట్టాడు. పూర్తిగా బిడ్డ ఊహా కాదు, పూర్తిగా బయటి వస్తువూ కాదు. తల్లులు దాన్ని మురికి పట్టనిస్తారు, వాసనెయ్యనిస్తారు, ఎందుకంటే ఉతికితే బిడ్డకి ఏదో తెగిపోతుందని వాళ్ళకి తెలుసు అంటాడు. పెద్దయ్యాక ఆ వస్తువు అవసరం పోతుంది. అయితే ఆ మధ్యచోటు పోదు, మనం కళ అనీ మతం అనీ పిలిచేవన్నీ అందులోకి వచ్చి చేరతాయంటాడు. చదివిన నవలనే ఏడోసారి చదివేవాళ్ళకి ఈ మాట కొత్తగా ఉండదు.

నేను దీన్ని పుస్తకాల గురించి రాద్దామని చదివాను. కానీ చదువుతున్న వారంలోనే ఇంట్లో ఒకటి జరిగింది. మా ఆవిడ మెషిన్ వేస్తూ అమ్మ దిండు గలీబు తీస్తే, కింద నాన్న తువ్వాలుంది. గళ్ళ తువ్వాలు, మెడచుట్టూ వేసుకునేవాడు. అది కూడా మిగతా బట్టలతో బకెట్లో వెయ్యబోతుంటే అమ్మ వచ్చి ఆమె చేతిలోంచి తీసుకుంది. కోపంగా కాదు. వేడి గిన్నె చిన్నపిల్లల చేతిలోంచి తీసుకున్నట్టు తీసుకుని, మడతపెట్టి, దిండు కింద పెట్టేసింది. మా ఆవిడ నా వైపు చూసింది. ఎవరం ఏమీ అనలేదు.

ఆ రాత్రి చింత ఫ్లీస్‌ని పొడిచి, వదిలేసి, దుప్పటి మీద కాసేపు ఖాళీగా కాళ్ళు నొక్కుకుంటుంటే అమ్మ చూస్తూ కూచుంది.

"పాలకోసం అనుకున్నాను గాని" అంది, "పాలు లేవని దానికీ తెలుసురా."

మర్నాడు బీరువాలోంచి బొంత తీయించింది. కళ్ళజోడు పెట్టుకుని, బాల్కనీలో చాప వేసుకుని, రెండు పగళ్ళు కూచుంది. పాత కుట్టు విప్పి, కుంకుమరంగు ముక్కని రెండుమడతలు చేసి, పీచులేచిన అంచులు లోపలికి తిప్పి, దారం ముడులు కూడా లోపలికి పోయేలా మళ్ళీ కుట్టింది. గోటితో గీకి చూసి, ఎక్కడైనా పోగు తగిలితే విప్పి మళ్ళీ కుట్టింది. నూలు పాతబడే కొద్దీ పోగులు వస్తూనే ఉంటాయి, నెలకోసారి చూసుకోమని మా ఆవిడకి చూపించింది. బొంత రాత్రి పదిన్నరకి మంచమెక్కుతుంది, పొద్దున మేం లేచేటప్పుడే బీరువాలోకి వెళ్ళిపోతుంది. పగటి నమలుడికి అది అందదు. డాక్టరమ్మ చూసి, మీరు దగ్గర ఉన్నప్పుడైతే సరే అంది.

అమ్మని చీరాల బస్సెక్కించిన రోజున బొంత తీసుకెళ్తుందేమో అనుకున్నాను. వాళ్ళమ్మ చీర, వాళ్ళమ్మ కుట్టు. అడిగాను కూడా. "దానికుండనీరా, నాకేం పని" అంది. బట్టల సంచి నా చేతికివ్వకుండా తనే పట్టుకుంది. నాన్న తువ్వాలు అందులో ఉందో, ఉతికి ఉందో, నేను అడగలేదు.